ఇల్లెత్తే శుక్రవారం

ఆగస్టు 4, సోమవారం

అమ్మ ఇవాళ ఇల్లు మారుస్తానంది. వేరే ఇంట్లోకి మారడం కాదు. ఈ ఇంటినే మార్చడం. స్తంభాల మీద నిలబెట్టిన చెక్క ఇల్లు, ఊరంతా భుజం పడితే ఉన్నపళంగా మోసుకెళ్ళొచ్చు.

పొద్దున్న ఇంటి కింద మగ్గం దగ్గర కూర్చుని, ఉప్పు అయిపోయిందని చెప్పినట్టు చెప్పింది. "తాత తోటలో నా సగం ఖాళీగా ఉంది. అక్కడికి మోయించుకుంటాను. ఆయన నేల మీద నా స్తంభాలు నిలబడటం నాకిష్టం లేదు."

ఆయనంటే పలేవాయ్ మామ. అమ్మకి సొంత అన్న. మా ఇంటికీ ఆయన ఇంటికీ మధ్య ఉన్నది ఒక బట్టలారేసే తాడు. దానిమీద ఈ చివర అమ్మ లుంగీలు, ఆ చివర అత్త జాకెట్లు ఆరతాయి. రెండు నెలల నుంచి తాడు మధ్యలో ఎవరూ ఏమీ ఆరెయ్యడం లేదు. అది సరిహద్దు.

కారణం చరిత్రాత్మకమైనది. మామ కూతురి పెళ్ళికి ముందు, గోరింటాకు రాత్రి, ఊరి పెద్దావిడల్ని ఒక్కొక్కరినీ మైకులో పేరు పెట్టి పిలిచారు. వాళ్ళు వెళ్ళి పెళ్ళికూతురి అరచేతిలో గోరింటాకు అద్ది దీవించి వచ్చారు. అమ్మని పిలవలేదు. ఎరువుల కొట్టాయన భార్యని పిలిచారు. ఆవిడ ఊళ్ళోకొచ్చి ఏడాది కాలేదు.

"ఇల్లు కదిలిన రోజు నుంచి నాకు అన్న లేడు. నీకు మామ లేడు," అంది అమ్మ.

నాన్న పోయాక నన్ను పెంచింది మామ. నాకు సున్తీ చేయించిన రోజు నా చెయ్యి పట్టుకున్నది మామ. నేను గట్టిగా ఏడిస్తే, ఏడవలేదని ఊరంతా చాటింది కూడా మామే.

అయినా ఈ విషయంలో నాకే అభిప్రాయమూ లేదు. మకస్సర్ పట్నంలో నాలుగేళ్ళు చదువుకుని వచ్చినవాణ్ణి. తటస్థంగా ఉంటాను.

ఆగస్టు 5, మంగళవారం

ఒక చిన్న ఇబ్బంది తేలింది. ఇల్లు ఎత్తాలంటే ఇళ్ళ మేస్త్రి కావాలి. మంచిరోజు చెప్పాలి, ఇంటికి ప్రాణమనుకునే నడిమి స్తంభానికి, అంటే బొడ్డుస్తంభానికి, కొబ్బరికాయా తాటిబెల్లమూ కట్టి దువా చదవాలి, మోసేవాళ్ళకి ముందుండి కేక పెట్టాలి. మా ఊళ్ళో ఇళ్ళ మేస్త్రి ఒక్కడే. అమ్మ పెళ్ళికి ఈ ఇల్లు కట్టిచ్చింది కూడా ఆయనే. పలేవాయ్ మామ.

అన్న నుంచి విడిపోవడానికి అమ్మకి అన్న సాయం కావాలి.

పక్క ఊరి మేస్త్రిని పిలుద్దామా అన్నాను. "నా ఇంటి మీద ఇంకొకడు చెయ్యి వేస్తే మా అన్న పరువేం కావాలి?" అంది. తర్వాత తనేమందో గుర్తొచ్చి, మగ్గం గట్టిగా కొట్టింది.

సాయంత్రం రాయబారం నడిచింది. మామ తాడుకి అవతల చిత్రిక పడుతున్నాడు. అమ్మ ఇవతల మెట్ల మీద కూర్చుంది. పిల్లి ఒక్క గెంతు గెంతే దూరం.

"ఒరేయ్ తక్దీర్, ఆ మేస్త్రిని అడుగు, ఇల్లెత్తడానికి మంచిరోజు ఎప్పుడో."

మామ చిత్రిక ఆపాడు. "ఏమంటోందిరా ఆ ఇంటావిడ?"

"విన్నావుగా మామా."

"నేను వినలేదు. నువ్వు చెప్తే వింటా."

చెప్పాను. ఆయన మొహం చూడలేదు. నేను చూశానని ఆయన అనుకోవడం ఇష్టంలేక చూడలేదు. చెక్కపొట్టు అరచేత్తో తుడిచాడు, మళ్ళీ తుడిచాడు. ఇల్లు ఎత్తమని అడిగితే కాదనే మేస్త్రి ఉండడు. ఇంటావిడ కోపం ఆయన మీదే అయినా.

"పదిహేనో తారీకు, శుక్రవారం. మధ్యాహ్నం నమాజు అయ్యాక. అని చెప్పు."

"సరేనని చెప్పు," అంది అమ్మ.

నేను మధ్యలో ఊరికే నిలబడ్డాను. ఐక్యరాజ్య సమితిలో ఉద్యోగాలు ఇలాగే ఉంటాయేమో కనుక్కోవాలి.

ఆగస్టు 7, గురువారం

పిలుపులు. ఇల్లు మోయడానికి ఫోన్‌లో పిలిస్తే ఎవరూ రారు. టోపీ పెట్టుకుని, ఇంటింటికీ వెళ్ళి, మెట్లెక్కి, కాఫీ తాగి పిలవాలి. బహార్ బైక్ మీద తిరిగాం. బహార్ నాతో బడికెళ్ళాడు, ఇప్పుడు చెరువు చేపలు అమ్ముతాడు, బైక్ కూడా అదే వాసన.

ప్రతి ఇంట్లో ఒకటే ప్రశ్న. "మీ అమ్మ ఎందుకురా మారుస్తోంది?"

"గాలి కోసం."

"ఆహా. గాలి." అందరికీ ఆ గాలి ఏ దిక్కు నుంచి వీచిందో తెలుసు.

రేవు దగ్గరి ముసలాయన మాత్రం ప్రశ్న వేయలేదు. "మా ఇల్లు ఎత్తినప్పుడు మీ నాన్న ముందు ఎడమ మూల మోశాడు. వస్తాను," అన్నాడు. "నా మోకాలు రాదు. నేను వస్తాను."

ఇరవై కప్పుల కాఫీ తాగినట్టుంది. గుండె మగ్గంలా కొట్టుకుంటోంది.

ఆగస్టు 8, శుక్రవారం

పై వీధి వాళ్ళని పిలవడం మర్చిపోయాను. పై వీధిలోనే బలమైనవాళ్ళంతా ఉన్నారు, వాళ్ళు లేకపోతే ఇల్లు లేవదు. అయినా మనిషన్నాక మర్చిపోతాడు.

ఆగస్టు 9, శనివారం

అమ్మ స్వయంగా పై వీధికి వెళ్ళొచ్చింది. పై వీధి మొత్తం వస్తోంది.

ఆగస్టు 12, మంగళవారం

మామ ఇంటికి వెదుళ్ళు కట్టాడు. స్తంభాలకి అడ్డంగా, నిలువుగా, మనుషులు భుజం పెట్టేలా. నేను తాడు అందిస్తుంటే ఆయన ముడివేసి, కాలు ఆనించి లాగి, మళ్ళీ విప్పి మళ్ళీ వేశాడు. బొడ్డుస్తంభం దగ్గరికొచ్చి అరచేత్తో తట్టాడు. గేదె వీపు తట్టినట్టు.

"మామా, ఇల్లు లేవకపోతే?"

"నేను కట్టిన ముడి. లేస్తుంది." ఆ మాట ఆయన గర్వంగా అనలేదు. పన్ను నొప్పి గురించి చెప్పినట్టు అన్నాడు.

"గోరింటాకు రోజు అమ్మని ఎందుకు పిలవలేదు?"

ముడి మధ్యలో ఆగాడు. "ఇంటి మనిషిని ఎవడైనా పిలుస్తాడ్రా? మైకులో పిలిచేది పరాయివాళ్ళని. మీ అమ్మ లోపలికొచ్చి నా కూతురి పక్కన కూర్చుని, వచ్చినవాళ్ళ చేతికి తనే గోరింటాకు అందించాలి. మీ అత్త దానికి చాప కూడా వేసి ఉంచింది. ఇది మెట్ల కింద నిలబడింది, పిలుపు కోసం. చుట్టంలాగా. నా పరువు పోయింది."

"ఇదే అమ్మకి చెప్పొచ్చుగా."

"నేనెందుకు చెప్తా? చెప్తే సంజాయిషీ ఇచ్చినట్టు."

రాత్రి అన్నం దగ్గర ఇది అమ్మకి అక్షరం పొల్లుపోకుండా చెప్పాను. అమ్మ చేప ముల్లు తీసి కంచం అంచున పెట్టింది. "ఆ మాట వచ్చి నాతో చెప్పమను."

చెప్పడు. అడగదు. నాకే అభిప్రాయమూ లేదు.

ఆగస్టు 14, గురువారం

ఊరి ఆడవాళ్ళంతా అత్త వంటింట్లో. మా వంటింటి సామాను దింపేశాం కాబట్టి వంట అక్కడే అని మామ తీర్పిచ్చాడు, అమ్మ నా ద్వారా ఒప్పుకుంది. బాతు కూర, కాల్చిన చేపలు, అరిటాకుల్లో చుట్టి ఉడికించిన కొబ్బరిపాల అన్నం, అరటిపండు నలిపి ఆకులో ఆవిరి పట్టిన బరొంకో. అమ్మా అత్తా ఒకే బాతుని చెరోవైపు పట్టుకుని ఈకలు పీకారు, ఒక్క మాట లేకుండా.

వడ్డన బాధ్యత నాది. అమ్మ రెండుసార్లు చెప్పింది. "మోతకి ముందు కాఫీ, ఒక బరొంకో. అంతే. ఇల్లు కొత్త చోట నేల మీద నిలబడ్డాకే భోజనం. విన్నావా?"

విన్నాను. స్పష్టంగా విన్నాను.

ఆగస్టు 15, శుక్రవారం

జరిగింది జరిగినట్టు రాస్తాను, రేపు ఎవరైనా వక్రీకరించే ప్రమాదం ఉంది కాబట్టి.

నమాజు అయ్యాక మసీదు మొత్తం మా వాకిట్లోకి వచ్చింది. పై వీధి పూర్తిగా. రేవు ముసలాయన, మోకాలితో సహా. అమ్మ ఎర్ర పట్టు లుంగీ కట్టుకుని పైన బొడ్డుస్తంభం దగ్గర నిలబడింది. మామ కొబ్బరికాయ, తాటిబెల్లం, అరటిగెల కట్టాడు. ఇద్దరూ ఒకే స్తంభానికి చెరోవైపు, వీపులు చూపించుకుంటూ దువా చదివారు. ఒకే దువా. ఒకే చోట ఊపిరి పీల్చుకున్నారు.

నేను కింద పందిట్లో ఉన్నాను. వచ్చినవాళ్ళ మొహాలు చూశాను. ఆకలి. ఎండ మాడుతోంది. ఆకలితో ఉన్న మనిషి భుజం మీద ఇల్లు పెట్టడం ఏ నాగరిక సమాజమైనా ఒప్పుకుంటుందా అని నన్ను నేను ప్రశ్నించుకున్నాను. ఒప్పుకోదని జవాబొచ్చింది. ఇది పూర్తిగా మానవతా దృక్పథం. వేరే ఉద్దేశం లేదు.

బాతు కూర గంగాళం ముందుకు లాగాను.

"ఒరేయ్, ఏంట్రా ఇది?" అత్త నా చెయ్యి పట్టుకుంది. "ఇప్పుడే పెడుతున్నావా? ఎవరు చెప్పారు?"

"అమ్మ చెప్పింది అత్తా."

అత్త నా మొహం వైపు చాలాసేపు చూసింది. తర్వాత పైన ఇద్దరి వీపుల వైపు చూసింది. లుంగీ బిగించి గరిటె నా చేతిలోంచి లాక్కుంది. "అయితే పిసినారితనం చెయ్యకు. నిండుగా పెట్టు."

తిన్నారు. మారు వడ్డించుకుని తిన్నారు. పై వీధి వాళ్ళు గంగాళం అడుగు కూడా గీకారు.

మామ కిందికి దిగేసరికి అందరూ చేతులు కడుక్కుంటున్నారు. కాఫీ తాగారనుకున్నాడు. బోర్లించిన రోలు ఎక్కి కేక పెట్టాడు. "భుజం!"

అందరూ ఇంటి కిందికి దూరారు.

"ఆవిడని దిగమని చెప్పు."

"దిగను," అంది అమ్మ కిటికీలోంచి. "నా ఇంటి బొడ్డు గాల్లో ఉన్నంతసేపు నేను దాని దగ్గరే ఉంటాను. అని చెప్పు."

"అయితే ఆవిడ బరువు కూడా కలిపి ఎత్తండి!" అన్నాడు మామ. ఊరంతా నవ్వింది. అమ్మ కిటికీ రెక్క వేసింది, మళ్ళీ తీసింది. చూడాలి కదా.

బిస్మిల్లా అన్నారు. ఇల్లు లేచింది.

లేవదేమోనని ఒక్క క్షణం అనుకున్నాను. లేచింది. ఇంటి కింద మనుషులు కనబడరు, కాళ్ళే కనబడతాయి. గోడలు, కిటికీలు, రేకు కప్పు, కిటికీలో అమ్మ, అన్నీ కలిసి మామ ఇంటి ముందు నుంచి కదిలి వెళ్ళిపోయాయి. బట్టలారేసే తాడు ఒక చివర ఊడి మట్టిలో పడింది. అత్త వెళ్ళి దాన్ని చుట్ట చుట్టుకుంది.

బడి దాటేదాకా బాగానే నడిచారు. తర్వాత ఇంటి లోపలి నుంచి, అంటే కింద నుంచి, తేన్పులు మొదలయ్యాయి. మామ "ఎడమ" అంటే ఒక తేన్పు, "మెల్లగా" అంటే రెండు. ఊరి పెద్ద రోడ్డు మధ్యకి వచ్చేసరికి ఎవరో అన్నారు. "మేస్త్రీ, ఒక్క నిమిషం దించుదామా?"

దించారు. అదే ఆఖరు.

ఇల్లు మోసుకెళ్ళేటప్పుడు నీడ కూడా మనతోనే వస్తుంది. దించగానే అందరూ ఆ నీడలో కూర్చున్నారు. కూర్చున్నవాళ్ళు ఒరిగారు. ఒరిగినవాళ్ళు గురకపెట్టారు.

"లేవండ్రా! సగం దారిలో ఉన్నాం!"

పై వీధి పెద్దాయన పళ్ళ సందులోంచి బాతు పీచు తీసి చూసుకున్నాడు. "భోజనం అయింది కదా మేస్త్రీ. భోజనం అయ్యాక పనేంటి?"

మా తాతల కాలం నుంచి భోజనంతో పని అయిపోతుంది. మళ్ళీ ఎత్తాలంటే మళ్ళీ పిలవాలి, మళ్ళీ వండాలి. ఒక్కొక్కరే దులుపుకుని, అమ్మకి సలాం చెప్పి, వెళ్ళిపోయారు. నేనూ మామా మిగిలాం, పైన అమ్మ.

"ముందే పెట్టావా?" అన్నాడు మామ.

"ఆకలితో ఉన్నారు మామా."

మామ స్తంభాల కింద పెట్టడానికి రాళ్ళు వెతకడానికి వెళ్ళాడు. వెనక నుంచి చూస్తే ఆయన భుజాలు ఎందుకో కదులుతున్నాయి. దగ్గనుకుంటాను.

ఆగస్టు 16, శనివారం

మా ఇల్లు ఊరి పెద్ద రోడ్డు మధ్యలో ఉంది. బైకులు కింద నుంచి వెళ్తున్నాయి, హారన్ కొట్టి మరీ. అమ్మ ప్రతి హారన్‌కీ చెయ్యి ఊపుతోంది.

ఊరి పెద్ద వచ్చాడు. చొక్కా గుండీలు ఒకటి పైకి ఒకటి కిందికి పెట్టుకున్నాడు. "రేపు పదిహేడో తారీకు, మన దేశానికి స్వాతంత్ర్యం వచ్చిన రోజు, జెండా పండగ! బడి పిల్లల ఊరేగింపు ఈ దారినే! ఇవాళే తియ్యాలి!"

"కోతలు నడుస్తున్నాయి. మనుషులు శుక్రవారమే దొరుకుతారు," అన్నాడు మామ, రాయి సర్దుతూ.

"అమ్మా, నువ్వైనా చెప్పు."

"నేను ఎవరి నేల మీదా లేను," అంది అమ్మ కిటికీలోంచి. "రోడ్డు ప్రభుత్వానిది. ప్రభుత్వానికి నా మీద కోపం లేదు."

మోతకి ముందు ఊడదీసిన మెట్లు మామ మళ్ళీ తగిలించాడు. ముందువైపూ, వంటింటి వైపూ. నడిరోడ్డు మీదున్నా ఇంటికి మెట్లుండాలట.

ఆగస్టు 17, ఆదివారం

ఊరేగింపు డప్పులతో వచ్చి మా ఇంటి ముందు ఆగింది. ముందు అయిదో తరగతి పిల్ల జెండా పట్టుకుని ఉంది.

పిల్లలు ఇంటి కింద నుంచి హాయిగా వెళ్ళొచ్చు. జెండా వెళ్ళకూడదని టీచరమ్మ అడ్డంపడింది. పైన అమ్మ నిలబడి ఉంది. దేశం జెండా ఒక మనిషి పాదాల కింద నుంచి ఎలా పోతుంది? ఊరి పెద్ద అమ్మని దిగమన్నాడు. బొడ్డుస్తంభం సంగతి అమ్మ ఆయనకి కూడా చెప్పింది. డప్పులవాళ్ళు ఏం చెయ్యాలో తెలీక మెల్లగా కొడుతూ ఉన్నారు.

"జెండాని ఇంట్లోంచి తీసుకెళ్ళండి," అంది అమ్మ చివరికి. "ముందు మెట్లెక్కి, వంటింటి మెట్లు దిగి. చెప్పులు విప్పి."

అలాగే జరిగింది. ఊరి పెద్ద మైకు పట్టుకుని, సందర్భానికి తగ్గట్టు గొంతు బరువెక్కించి, "ఇప్పుడు మన జెండాకి తమ గృహంలోకి స్వాగతం పలుకుతున్నది, శ్రీమతి బెస్సె తనంగ్!" అన్నాడు. అమ్మ గుమ్మంలో నిలబడి తలమీది ముసుగు సర్దుకుంది. ఆ పిల్ల చెప్పులు విప్పి మెట్లెక్కింది. కింద నుంచి బడి మొత్తం స్తంభాల మధ్య కవాతు చేస్తూ వెళ్ళింది. వంటింటి వైపు జెండా దిగేసరికి పిల్ల చేతిలో ఒక బరొంకో కూడా ఉంది.

ఊరంతా చప్పట్లు. మామ గుంపు చివర నిలబడి చప్పట్లు కొట్టాడు, చేతులు వెనక్కి పెట్టుకున్నాడు, మళ్ళీ కొట్టాడు.

సాయంత్రం అమ్మ అడిగింది. "మైకులో నా పేరు బాగా వినిపించిందా?"

"మూడు వీధులకి వినిపించింది."

కాసేపు కండె తిప్పుకుంది. "శ్రీమతి బెస్సె తనంగ్," అంది తనే. "ఎవర్నో పిలిచినట్టుంది."

ఆగస్టు 18, సోమవారం

దించిన ఇంటికి మేస్త్రిదే బాధ్యత అని మామ రోజూ వచ్చి స్తంభాలు చూస్తున్నాడు. పొద్దున్నా, మధ్యాహ్నం, సాయంత్రం. స్తంభాలు ఎక్కడికీ పోవడం లేదు.

ఆగస్టు 19, మంగళవారం

మగ్గం పైకెక్కించుకుంది అమ్మ. ఇంటి నేల పలకల మధ్య వేలు పట్టే సందులుంటాయి. పైన అమ్మ, కింద మామ. నేను మెట్ల మీద కూర్చుని వేరుశెనక్కాయలు ఒలుస్తున్నాను.

అమ్మ మగ్గంతో మాట్లాడింది. "కొంతమందికి సొంత చెల్లెలు మెట్ల దగ్గర నిలబడినా కనబడదు."

మామ స్తంభంతో మాట్లాడాడు. "కొంతమందికి పుట్టిన ఇంటి మెట్లెక్కడానికి మైకు కావాలి."

"చాప వేశామని ఒక మాట అంటే నోరు అరిగిపోదు."

"చాప చూసి కూర్చుంటే కాళ్ళు అరిగిపోవు."

మగ్గం ఆగింది. రాయి మీద సుత్తి ఆగింది. ఒక బైక్ హారన్ కొట్టకుండా వెళ్ళింది. అది బహార్, ఎప్పుడు కొట్టకూడదో వాడికి తెలుసు.

కిటికీలోంచి తాడుకి కట్టిన బుట్ట దిగింది. అందులో కాఫీ గ్లాసు. బుట్ట ఎవరికని ఎవరూ చెప్పలేదు. మామ తాగి, ఖాళీ గ్లాసు అందులోనే పెట్టాడు. బుట్ట పైకెళ్ళింది.

చక్కెర వేసినట్టు లేదు. మామకి చక్కెర పడదు.

ఆగస్టు 20, బుధవారం

రెండు గ్లాసులు.

ఆగస్టు 21, గురువారం

అంతా సర్దుకుంటోందని నాకు అనిపించింది. అనిపించడానికి కారణాలేమీ లేవు, నేను తటస్థుణ్ణి.

సాయంత్రం మామ అడిగాడు. మొహం పక్కకి పెట్టుకుని, "అల్లుడూ, రేపు ఎత్తాక ఎటో ఇంటావిడని కనుక్కో. వెనక్కా, ముందుకా?"

పైకెళ్ళాను. అమ్మకి ప్రశ్న వినబడిందని తెలుసు, అయినా మొత్తం చెప్పాను. "వెనక్కా" అన్న మాట కాస్త గట్టిగా చెప్పానేమో.

"ముందుకే," అంది. "ఎత్తిన ఇల్లు ఊరంతా చూస్తుండగా వెనక్కి ఎలా పోతుంది? నాకు పరువు లేదా?"

కిందికొచ్చి చెప్పాను. మామ తలూపాడు. "ముందుకే అందా," అన్నాడు. "సరే." తాళ్ళ ముడులు బిగించడం మొదలుపెట్టాడు. ఒక్క ముడి కూడా వదులుగా వెయ్యలేదు. నేను చూశాను.

అన్నం సయించలేదు. బాతు కూర ఉంది, అయినా.

ఆగస్టు 22, శుక్రవారం

వడ్డన పందిట్లోకి నన్ను రానివ్వలేదు. అత్త గరిటె పట్టుకుని కాపలా నిలబడింది, నా వైపు చూసి కన్ను గీటింది కూడా. నాకు ఇంటి కింద, ముందు ఎడమ మూల ఇచ్చారు. నాన్న మూల.

భుజం మీద ఇల్లు పడితే ఏం ఆలోచిస్తారో రాద్దామనుకున్నాను. ఏమీ ఆలోచించరు. ముందువాడి మెడ మీద చెమట చూస్తారు. తల మీద ఎక్కడో అమ్మ గాజుల చప్పుడు వినబడుతుంది. ఎదురుగా ఎక్కడో మామ కేక. ఆ కేక ఎటు తిప్పితే అటు తిరుగుతారు. అది అమ్మని తన నుంచి దూరంగా పంపిస్తోంది. గొంతు మాత్రం ఎక్కడా తడబడలేదు.

తాత తోట. అరటిచెట్లు కొట్టి చదును చేసిన చోటు, అమ్మ సగం. అవతల మామ సగం, ముళ్ళపొదలతో. అమ్మ సగం మధ్యలో రాళ్ళు పెట్టి ఉన్నాయి, అక్కడ దింపాలి.

"ఎడమకి," అన్నాడు మామ.

ఎడమకి జరిగాం.

"ఇంకా ఎడమకి."

రాళ్ళు దాటిపోయాం.

"ఇంకొంచెం."

"ఏమయ్యా మేస్త్రీ, చంపుతావా?" అని వెనక నుంచి ఎవరో మూలిగారు. పై నుంచి అమ్మ కూడా అరిచింది, నా ద్వారా కాదు, సూటిగా. "కుడివైపు అంతా ఖాళీ ఉంటే ఆ చివరికి తోస్తావేంటి?"

"మేస్త్రి ఎవరు?" అన్నాడు మామ. సూటిగా.

రెండు నెలల్లో వాళ్ళు మాట్లాడుకున్న మొదటి మాటలు ఇవి. మేం ఇల్లు మోస్తూ విన్నాం కాబట్టి సంతోషించే వీలు లేకపోయింది.

సరిగ్గా సరిహద్దు పక్కన దింపించాడు. మామ సగం పక్కన. బొడ్డుస్తంభం రాయి మీద కూర్చుంది. అమ్మ కిందికి దిగి, నేల తొక్కి, మళ్ళీ పైకెక్కింది. భోజనం అప్పుడు పెట్టారు. మామ అందరికంటే ముందు లేచి, చేతులు కడుక్కుని, అమ్మ వైపు చూడకుండా వెళ్ళిపోయాడు.

అయిపోయింది. ఆ పాత వాకిట్లో మా ఇంటి స్తంభాల గుర్తులు ఉంటాయి, వానలొచ్చేదాకా.

ఆగస్టు 23, శనివారం

కొత్త చోట గాలి బాగుంది. గాలి కోసమే కదా వచ్చాం.

ఆగస్టు 24, ఆదివారం

ఏమీ లేదు. మామ ఇవాళ స్తంభాలు చూడటానికి రాలేదు. నేల మీద నిలబడ్డ ఇంటికి మేస్త్రితో పనేముంటుంది.

ఆగస్టు 25, సోమవారం

పొద్దున్న కుక్క మొరిగింది. మెట్ల కింద మామ నిలబడి ఉన్నాడు. నల్ల టోపీ, ఇస్త్రీ చొక్కా, పండగ లుంగీ. వెనకాల అత్త, బట్టలారేసే తాడు చుట్ట చంకలో పెట్టుకుని.

మామ మెట్లెక్కలేదు. కింద నిలబడి గొంతు సవరించుకుని, ఊరి పెద్ద మైకులో పిలిచినట్టే పిలిచాడు. "శ్రీమతి బెస్సె తనంగ్ గారు ఉన్నారా?"

అమ్మ కిటికీలోంచి తల బయటపెట్టింది.

"వచ్చే శుక్రవారం నమాజు అయ్యాక మా ఇల్లు ఎత్తుతున్నాం," అన్నాడు. "తాత తోటలో, నా సగంలోకి. తమరు దయచేయాలి. ఊళ్ళో మొదటి పిలుపు తమకే."

"ఎందుకు మారుస్తున్నారట?"

"మా చోట నీళ్ళు నిలుస్తున్నాయి."

మూడు నెలలుగా మా ఊళ్ళో వాన చుక్క లేదు. నేల పగుళ్ళిచ్చింది. అత్త మా ఇంటి మూలస్తంభానికి తాడు చివర పట్టి, ముళ్ళపొదల వైపు నడుచుకుంటూ వెళ్ళి, సరిపోతుందో లేదో కొలుచుకుంది.

అమ్మ కిటికీ వదిలి గుమ్మంలోకి వచ్చింది. ఆ మొహం కోపమో ఏమిటో నాకు అర్థం కాలేదు. "ఇంటి మనిషిని పిలవడానికి వచ్చావా?" అంది. "టోపీ పెట్టుకుని? మెట్ల కింద నిలబడి, చుట్టంలాగా? ఊళ్ళో ఎవరైనా చూస్తే నా పరువేం కావాలి? సిగ్గు లేదూ అన్నయ్యా? పైకి రా."

మామ చెప్పులు విప్పాడు.

మధ్యాహ్నం నలుగురం కలిసి తిన్నాం. శుక్రవారం వంట ఎవరు చెయ్యాలి, ఎన్ని బాతులు, అని అమ్మా అత్తా పోట్లాడుకుంటుంటే మామ ముళ్ళపొదల వైపు చూస్తూ తిన్నాడు. అమ్మ నా వైపు తిరిగి, "నువ్వు ముందు ఎడమ మూల. వంటల దరిదాపుల్లో కనబడ్డావంటే కాళ్ళు విరగ్గొడతాను," అంది.

అంటూనే బాతు కూరలో మిగిలిన ఒకే ఒక్క కాలు తీసి నా కంచంలో వేసింది. ఆ కాలు ఎప్పుడూ మామది. మామ చూశాడు, మెడముక్క వేసుకున్నాడు.

పొరపాటున పడి ఉంటుంది. మనిషన్నాక పొరపాట్లు జరుగుతాయి.